గీటు

జెట్ అంటే ఎగిరేది కాదమ్మా,
మా విట్బీ కొండచరియ కక్కిన నల్లరాయి.
రాయి కూడా కాదు నిజానికి,
కోట్ల ఏళ్ల కింద సముద్రంలో మునిగి
మళ్లీ తేలడం మరిచిపోయిన చెట్టు.
అరచేతిలో పెట్టుకుని చూడు,
చల్లగా లేదు కదా. గాజైతే కరుస్తుంది.

మా ముత్తాత దీన్ని వితంతువుల కోసం చెక్కేవాడు.
మొగుడు పోయిన ఇంటికి ముందు పాస్టరు వెళ్లేవాడట,
వెనకాలే మా ముత్తాత నమూనాల పెట్టె.
మా నాన్న నాటికి జనం ఏడ్చే తీరు మారింది.
సగం కొట్టు ఐస్‌క్రీముకి అద్దెకిచ్చాం.

అప్పుడొచ్చారు వీళ్లు,
ఇంట్లో ఎవరూ చావకుండానే నలుపు తొడిగినవాళ్లు.

మొదటిసారి గొళ్లెం మీద చెయ్యి తియ్యలేదు నేను.
ఆరడుగుల మనిషి, కళ్లనిండా కాటుక,
ఒక్కో బూటుకి పదమూడు బకిళ్లు.
గుమ్మంలో కాళ్లు తుడుచుకుని
"దగ్గర్లో టీ ఎక్కడ దొరుకుతుందండీ" అన్నాడు.
గార్త్ ఇబ్బట్సన్, లీడ్స్‌లో బస్సు డ్రైవరు.
ముప్పై ఏళ్లయింది. అదే కోటు.
చంకల్లో రెండుసార్లు నేనే కుట్టాను.

మొన్న వానకి నలుగురూ ఒకేసారి లోపలికి దూరారు.
ఇరుకు కొట్టు. తడిసిన వెల్వెట్ వాసన,
తడిసిన కుక్క వాసనకి అక్కచెల్లెలు.

ఒసాకా పిల్ల చిహయా పదకొండు బొత్తాలు కావాలంది.
చిన్న స్కేలు తీసి ప్రతిదీ కొలిచింది.
ఆమె నలుపుకి అంచంతా తెల్లటి లేసు,
వానలో కూడా ఇస్త్రీ మడత చెదరలేదు.

గార్త్ గొణిగాడు: "ఇది బొమ్మల కొలువు, గోత్ కాదు.
గోత్ అంటే మా ఊరి నేలమాళిగ,
కారే కప్పు, అప్పు తెచ్చిన గిటారు."

లైప్‌జిగ్ గెసీనెకి ఒళ్లు మండింది.
"నీకు వాన కారింది, అంతే.
మా బడి రోజుల్లో ఈ రంగుకి పోలీసులు పేరు రాసుకునేవారు.
మా అమ్మ దుప్పటిని సిరాతో ఉడికించింది,
నెల్లాళ్లు సూపు కూడా నల్లగానే ఉండేది."

మెక్సికో సిటీ సిట్లాలి పకపకా నవ్వింది.
జడలో బంతిపువ్వు, అదీ కాగితంది, రంగు కారుతోంది.
"మీరంతా చావుని దూరంగా నిలబెట్టి ముస్తాబవుతారు.
మా ఇంట్లో దానికి కంచం పెడతాం.
తిన్నాక మా అమ్మమ్మ విసుక్కుంటుంది కూడా,
ఉప్పు తక్కువైందని ఎవరూ చెప్పరేం అని."

ఎవరిది అసలుదో నన్ను చెప్పమన్నారు.
నేనెవర్ని తల్లీ, పూసలకి దారం ఎక్కించేదాన్ని.

అయినా పింగాణీ పలక తీశాను, మెరుగు లేని వెనకవైపు.
"మాకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే" అన్నాను.
ముత్తాత ముక్కని దాని మీద గీశాను.
గోధుమరంగు. మట్టి రంగు. తడి చెక్క రంగు.

ఎవరూ మాట్లాడలేదు.
గార్త్ తన గోటి నల్లరంగు చూసుకున్నాడు,
కింద ఏముందో అని కాబోలు.

సిట్లాలి మెడలోంచి ఓ దండ తీసింది.
"అమ్మమ్మది. ఇది కూడా గీయండి."
చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది,
ఆమె ఒంటి వేడి పై పొరలోనే ఉంది,
లోపల చల్లదనం ఎటూ పోలేదు.
వద్దన్నాను. గీయమంది.

గీశాను.

పలక మీద రంగు పడలేదు.

ఆమె దండ మళ్లీ వేసుకుని, జడ బయటికి తీసి,
"దీని ముడి వదులైంది, బిగిస్తారా" అంది.
గెసీనె వెనక నిలబడి దీపం పట్టుకుంది.
చిహయా సూదిలో దారం ఎక్కించింది, ఒక్క ప్రయత్నంలో.
గార్త్ టీ తేవడానికి వానలోకి వెళ్లాడు.

పలక కడగలేదింకా, చూడు.
ఇది మా ముత్తాతది.
దీని పక్కన ఆ గాజు గీసిన చోట ఏమీ కనబడదు.
వేలు పెట్టు.
గరుగ్గా తగుల్తోందా?